కొండకి వేసిన దీపం

విమానానికి దీపాలు కొనడంలో మోసపోయినవాణ్ణి ఈ మన్యం ఏజెన్సీ మొత్తంలో నేనొక్కణ్ణే. ఈ ఘనత ఇప్పట్లో ఇంకెవరికీ దక్కదు, ఎందుకంటే పాడేరులో షెడ్డు వేసుకుని సొంత చేతులతో విమానం కట్టుకునే తెలివైనవాడు మరొకడు లేడు. రెండు సీట్ల చిన్న విమానం. పదకొండేళ్లుగా కడుతున్నాను, అది ఇంకా లేవలేదు, నా నడుము మాత్రం వంగింది. మబ్బు పట్టిన సాయంత్రం దిగాల్సి వస్తే నేల కనబడటానికి రెక్కల అంచుల్లో రెండు దీపాలు పెట్టాలి. ఆ దీపాల పెట్టె తెరవగానే కొత్త రేకు, కొత్త అట్ట కలిసిన వాసన వచ్చింది. చిన్నప్పటి మా ముంచింగిపుట్టు కొట్లో టార్చిలైట్ల వాసన.

మాది మైదానం నుంచి కొండెక్కిన వ్యాపారుల కుటుంబం. సంత రోజు తెల్లారేసరికి మంచులోంచి ముందు మాటలు వినబడేవి, తర్వాత కావిళ్లు కనబడేవి, ఆ వెనక పసుపు, పిప్పళ్లు, చింతపండు, తడి అడ్డాకుల వాసన అరుగు మీదికి ఎక్కేది. అమ్మ పొయ్యి మీద ఉప్మా కలుపుతూనే లోపలి నుంచి బస్తాలు లెక్కపెట్టేది. నేనూ చెల్లీ ఉల్లి బస్తాల చాటున గోడ మీద టార్చి వేసి, చేతులతో కుందేళ్లనూ నక్కలనూ ఆడించి, బ్యాటరీ అరగదీసినందుకు నాన్న చేత తిట్లు తినేవాళ్లం. చైత్రంలో కొండవాళ్లు వేటకెళ్లే ఇటుకల పండుగకి ముందు సంతల్లో టార్చీలు బాగా అమ్ముడుపోయేవి. వాటిని అమ్మడానికి నాన్న నాకు నేర్పిన పద్ధతి ఒకటే: మంచు పట్టిన పొద్దున దీపాన్ని ఎదురుగా ఉన్న కొండ మీదికి కొట్టాలి. వెలుగు వెళ్లి అవతలి చెట్టుని తాకితే కొనేవాడి నోరు తెరుచుకుంటుంది, ఆ తర్వాత చెయ్యి జేబులోకి వెళుతుంది.

కొండవాళ్ల పద్ధతి వేరు. వాళ్లు టార్చిని మా వెనక గది చీకట్లోకి తీసుకెళ్లి, తల వంచి తమ పాదాల మీద వేసుకుని చూసేవారు. నాకు పిప్పళ్ల బుట్టలో అడుగున దాచి పనస తొనలు తెచ్చే బుద్రి అత్త కూడా అలాగే చూసింది.

"ఏటిరా గుంటడా, రూపాయి బిళ్లంతే పడతంది. పక్క రాయి కనబడదు."

"బయటికి రా అత్తా, కొండ మీద సూడు!"

"కొండకేటికిరా దీపం? నా కాలికి సూపియ్యి."

వెడల్పుగా వెలుగు పడే టార్చి పక్కనే ఉంది. దాని మీద లాభం తక్కువ. నేను నాలుగు రూపాయలు తగ్గించి, ఈ ధర ఇంకెవరికీ చెప్పొద్దని చెవిలో చెప్పి, దూరం కొట్టేదే అంటగట్టాను. నాన్న నా వీపు తట్టాడు. ఆ వారంలోనే ఆమె పొద్దుగూకాక గెడ్డ నీళ్లు దాటుతూ, వెలుగు పడని రాయి మీద అడుగేసి చీలమండ విరగ్గొట్టుకుంది. నాలుగు సంతల తర్వాత కర్ర పట్టుకుని వచ్చి ఆ టార్చిని బల్ల మీద పెట్టింది.

"ఇది కొండకే అమ్ముకోండి సావుకారీ. నాకా రెండోది ఇయ్యండి."

బేరం ఆడకుండా ఇరవై రెండు రూపాయలు లెక్కపెట్టింది. పాతదానికి ఏమీ తగ్గించకుండా నాన్న తీసుకున్నాడు. నేను అట్టపెట్టె చుట్టి ఇచ్చాను. తర్వాత ఎన్ని సంతలకి వచ్చినా ఆమె కర్ర చప్పుడు ముందు వినబడేది, నేను బస్తాల వెనక్కి వెళ్లేవాణ్ణి.

అంత చూసినవాణ్ణి ఏం కొన్నాను? అమ్మేవాడు ఫోన్లో వీడియో పంపాడు: దీపం వెళ్లి ఎక్కడో కొండ చరియని తాకుతోంది. నా నోరు తెరుచుకుంది. రెండు గంటలు బేరమాడి తొమ్మిది వేలు తగ్గించి, గెలిచానని ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను. రెక్క అంచులు ఆ కొలతకే కోసి బిగించాను. నా విమానానికి తోక కింద చక్రం. నేల మీద నిలబడ్డప్పుడైనా, దిగేటప్పుడైనా ముక్కు పైకెత్తే ఉంటుంది. సాయంత్రం స్విచ్ వేస్తే షెడ్డు ముందు సిల్వర్ ఓక్ చెట్ల చిటారు కొమ్మలు పెళ్లి పందిరిలా వెలిగాయి. కింద నేల నల్లగా ఉంది. దీపాల్ని కిందికి వంచి చూశాను. అక్కడా పళ్లెమంత వెలుగే.

జీపులు బాగుచేసే మా చెల్లెలి మొగుడు తల ఎత్తి చెట్ల చిటారులు చూశాడు. "బాగుంది బావా. సెట్టు మీద దిగుతావేటి?"

నాకు నవ్వు రాలేదు. వెనక గదిలో తల వంచుకున్న మనిషి గుర్తొచ్చింది. బుద్రి అత్త ఇప్పుడు లేదు. సంతలో టార్చీల వరస లేదు, అందరి ఫోన్లలోనూ దీపాలే. మా కొట్లో వెనక గది గోడ కొట్టేసి ఫ్రిజ్‌లు పెట్టారు. పాదాల మీద వెలుగు వేసుకుని చూడ్డానికి అంత చీకటి అక్కడ మిగల్లేదు.

వెడల్పు వెలుగు దీపాలు మళ్లీ కొన్నాను. ఈసారి చీకటి షెడ్డులో నా కాళ్ల మీద వేసుకుని చూశాకే డబ్బిచ్చాను. బిల్లు ఇది: మొదటి జత, వైర్లు కోశాక అమ్మినవాడు వెనక్కి తీసుకోనన్నది, ఇరవై తొమ్మిది వేలు. రెండో జత పద్దెనిమిదిన్నర వేలు. రెక్క అంచులు మళ్లీ వేయించినందుకు పదకొండు వేలు. మొత్తం యాభై ఎనిమిదిన్నర వేలు, అందులో బేరమాడి తగ్గించిన తొమ్మిది వేలు కలపలేదు, అవి తగ్గినట్టు కాదు గనక. ఇంకో ఇరవై రెండు రూపాయలున్నాయి, బుద్రి అత్త బల్ల మీద లెక్కపెట్టినవి. అవి ఖర్చు కాదు. మాకు లాభం కింద వచ్చాయి.