అడుగు గొంతు ఓర్లీన్

ఓర్లీన్ మేబ్రీ గొంతును విడిగా విన్నవాళ్ళు లేరు. పునాది రాయిని విడిగా ఎవరు చూస్తారు? మేబ్రీ కుటుంబం పాడి వెళ్ళిపోయాక జనం చెవుల్లో మిగిలేది అక్క వెర్డెల్ గొంతు. చేతుల్లో మిగిలేది తమ్ముడు హోషేయ చప్పట్ల వరస. ఓర్లీన్ కిందెక్కడో, ఏటి అడుగున ఒండ్రుమట్టిలా, వెచ్చగా, కదలకుండా ఉండేది. కదలకుండా ఉండటమే ఆమె పని.

ఆ పని ఆమెకు దెబ్బలతో వచ్చింది. తండ్రి అమ్జీ మేబ్రీ టాంబిగ్బీ నది పక్కన రంపపు మిల్లులో దుంగలు లాగేవాడు. సాయంత్రం ఒంటి నిండా పైన్ పొట్టుతో ఇంటికొచ్చి, మెట్ల మీద కూర్చుని, ముగ్గురు పిల్లల్నీ ఎదురుగా నిలబెట్టి, పెదవులు విప్పకుండా ఒక కూనిరాగం తీసేవాడు. అదే శ్రుతి. వేరే వాయిద్యం ఉండేది కాదు. గిటారు కావాలని హోషేయ ఏడిస్తే, "దేవుడు నీ గొంతులో పెట్టింది చాల్లేదట్రా? కర్రకి తీగలు కట్టి ఆయనకి గుర్తుచెయ్యాలా?" అనేవాడు.

పాట ఎంతసేపు సాగినా ఎత్తుకున్న చోటే దిగాలి. ముగిశాక ఆయన మళ్ళీ కూనిరాగం తీసి సరిచూసేవాడు. వాయిద్యం తోడులేని పాట శీతాకాలపు పొద్దులాంటిది, ఎవరికీ తెలియకుండానే వాలిపోతుంది. వాల్చేది ఎప్పుడూ ఓర్లీనే.

"మళ్ళీ దించావు! నూతిలో బకెట్టులా అలా దిగిపోతావేమే?" అంటూ బెల్టు విప్పేవాడు. "పైన పాడేవాళ్ళు తప్పినా తిరిగొస్తారు. అడుగు కదిలిందా, ఇల్లంతా కూలుద్ది."

అలా ఆమె కదలడం మానేసింది.

ఆ తర్వాత రోడ్లు వచ్చాయి. మెరీడియన్, సెల్మా, మొబీల్, ఇంకా పేర్లు లేని పత్తిచేల మధ్య చర్చీలు. అమ్మ లవీ ఒకే తానులోంచి ముగ్గురికీ తెల్లబట్టలు కుట్టేది. చెప్పుల అట్టపెట్టెల్లో వేయించిన కోడి సర్దేది, ఎందుకంటే దారిలో ఏ హోటలు తలుపూ నల్లవాళ్ళైన తమకు తెరుచుకోదు. కారులోనే తినేవాళ్ళు, కారులోనే నిద్రపోయేవాళ్ళు, నిద్రలో కూడా ఒకరి భుజం మీద ఒకరు పాడే వరసలోనే ఒరిగేవాళ్ళు. ఆదివారం ఉదయాల్లో రేడియోలో పావుగంట వచ్చేవాళ్ళు. ముందు శవపేటికల ప్రకటన, వెనకాలే మేబ్రీ కుటుంబం.

ఒకసారి బర్మింగ్‌హామ్‌లో రికార్డు చేస్తామని పిలిచారు. అద్దాల గదిలోంచి ఒకాయన బయటికొచ్చి, పెద్దమ్మాయి ఒక్కత్తే చాలు, వెనకాల బాకాలు పెట్టుకుందాం అన్నాడు.

వెర్డెల్ చేతిసంచీ భుజానికి తగిలించుకుంది. "వీళ్ళు లేకుండా నన్నెక్కడ నిలబడమంటారు బాబూ, గాల్లోనా?"

చివరికి ముగ్గురూ పాడారు. తండ్రి కట్టిన పాటే. *ఆ దరిన దీపం పట్టి నిలిచినదెవరు? నా తండ్రి కాదా, నా తండ్రి కాదా.* ఆ ఒక్క రికార్డునీ ఏళ్ళ తరబడి కారు డిక్కీలో పెట్టుకుని చర్చీ గుమ్మాల దగ్గర అమ్మారు. ఎండకు కొన్ని వంగిపోయాయి. వంగినవి కూడా జనం కొనుక్కెళ్ళారు, గోడకు తగిలించుకుంటామని.

అమ్జీ పోయాడు. లవీ పోయింది. శ్రుతి అందించే పని వెర్డెల్‌కు వచ్చింది. వారమంతా ఆమె బడి వంటగదిలో రొట్టెలు కాల్చేది, ఓర్లీన్ చేపల ఫ్యాక్టరీలో చన్నీళ్ళలో చేతులు పెట్టి నిలబడేది. ఓర్లీన్ పెళ్ళి చేసుకుంది, భర్తను పాతిపెట్టింది. పాతిపెట్టిన వారం కూడా తెల్లబట్టలు కట్టుకుని నిలబడి అడుగు పట్టుకుంది. మిగతావన్నీ ఆమె జీవితంలోకి వచ్చి వెళ్ళినవే. పాట ఒక్కటే ఇల్లు.

అందుకే, న్యుమోనియా వచ్చి తగ్గాక అక్క గొంతు పైమెట్టు మీద కాలు జారుతోందని మొదట తెలిసింది ఆమెకే. కింద నిలబడ్డవాళ్ళకే కదా పైన ఊగేది తెలిసేది.

పిస్గా చర్చిలో తమ గుంపు వార్షికోత్సవానికి ముందురోజు, వంటింట్లో ఆకుకూర తుంచుతూ నెమ్మదిగా అంది. "రేపు నాన్న పాట కాస్త కింద ఎత్తుకుందామా అక్కా?"

"కిందా?" వెర్డెల్ చేతిలో కూర ఆగింది. "నాన్న ఎత్తిన చోటే ఎత్తుతాను. అక్కడ పాడలేని రోజు ఈ గుంపు ముగిసినట్టే. తెల్లబట్టలు మడిచి పెట్టెలో పెట్టేస్తా. ఇంక మాటల్లేవు."

"పెట్టెలో ఎందుకే దండగ? ఇలా ఇవ్వు, కిటికీ తెరలు కుట్టించుకుంటా" అన్నాడు హోషేయ.

"నోర్ముయ్యి. నీ చప్పట్లకంటే నీ మోకాళ్ళ చప్పుడెక్కువైంది ఈమధ్య."

"వాటికి శ్రుతి తప్పదక్కా. ఎప్పుడూ ఒకటే మూలుగు."

వెర్డెల్ నవ్వింది, నవ్వులోనే దగ్గొచ్చింది. ఓర్లీన్ నవ్వలేదు. అక్క ఒకసారి అంటే అన్నట్టే. రేపు ఆ మెట్టు మీద అక్క పడితే, ఇన్నేళ్ళ పాట ఆ పడిన చోటే ఆగిపోతుంది.

మర్నాడు మధ్యాహ్నం పిస్గా చర్చి నిండిపోయింది. పక్క కౌంటీల గుంపులు ఒకే రంగు సూట్లలో ముందు బల్లల మీద కూర్చున్నాయి. అట్ట విసనకర్రలు తెల్ల సీతాకోకల్లా ఊగుతున్నాయి. ముగ్గురు ముసలివాళ్ళు తెల్లబట్టల్లో లేచి నిలబడ్డారు. వెర్డెల్ కళ్ళు మూసుకుని కూనిరాగం తీసింది.

సరిగ్గా తండ్రి చోటే. చర్చి అంతా ఊపిరి పీల్చుకుంది.

మొదటి చరణం నిలబడింది. రెండో చరణంలో *ఆ దరిన* అనే మాట దగ్గర పాట పైమెట్టు ఎక్కుతుంది. వెర్డెల్ ఎక్కబోయింది. గొంతు దారంలా తెగింది.

"మెల్లగా తల్లీ, తొందర్లేదు!" అని ఎవరో కేకేశారు. "సాయం చెయ్యి ప్రభువా!"

ముందు పాడేవాళ్ళు ఆగితే వెనకవాళ్ళు ఆగకూడదు. వాళ్ళు తిరిగొచ్చేదాకా చివరి మాటనే తిప్పుతూ దారి తెరిచి ఉంచాలి. ఓర్లీన్, హోషేయ తిప్పసాగారు. *నా తండ్రి కాదా, నా తండ్రి కాదా.* వెర్డెల్ మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ తెగింది. ముందు బల్ల మీది ఒక పడుచు గాయని సాయానికి సగం లేచింది. ఆ పిల్ల చేతికి మైకు వెళితే పాట బతుకుతుంది. అక్క బతకదు.

*నా తండ్రి కాదా.*

ఓర్లీన్ కళ్ళు మూసుకుంది. మెట్లు కనబడ్డాయి, పైన్ పొట్టు వాసన వచ్చింది, బెల్టు కనబడింది. చిన్నప్పటి నుంచీ బిగబట్టి ఉంచిన దేన్నో ఒంట్లో వదిలింది.

బకెట్టు దిగింది.

ఒక్క వెంట్రుకవాసి. హోషేయ ఉలిక్కిపడి ఆమెవైపు చూశాడు. ఆమె చూడలేదు. మళ్ళీ తిప్పింది, మరో వెంట్రుకవాసి. అప్పుడతనికి అర్థమైంది, తనూ దిగాడు. పాట ఆగలేదు, విరగలేదు. నీరు తగ్గిన ఏటి మీద పడవలా మొత్తంగా కిందికి వాలుతూ పోయింది. గిటారు ఒక్కటి ఉన్నా అది సాధ్యమయ్యేది కాదు. పడుచు పిల్ల మెల్లగా కూర్చుంది.

వెర్డెల్‌కు తెలిసింది. ఆ చెవికి తెలియకుండా ఎలా ఉంటుంది? మైకు మీద వేళ్ళు బిగుసుకున్నాయి. తల తిప్పలేదు. ఒక్క తిప్పు వదిలేసింది, ఇంకొకటి వదిలేసింది. తర్వాత నోరు తెరిచింది.

*ఆ దరిన దీపం పట్టి నిలిచినదెవరు?*

అది జనం ఎరిగిన గొంతు కాదు. గోధుమరంగు మట్టిలాంటి గొంతు, తడిగా, బరువుగా. విసనకర్రలు ఆగిపోయాయి. వెనక బల్లల్లోంచి ఒక ముసలామె ఏడ్చినట్టుగా "ఆమెన్" అంది.

కార్యక్రమం అయ్యాక, చర్చి వెనక భోజనాల గదిలో, ముగ్గురూ కేకు ముక్కలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. వెర్డెల్ అంది.

"దించావు."

"దించాను."

"ఎంత?"

"నీకందేదాకా."

"నాన్న ఈపాటికి సమాధిలో బెల్టు వెతుక్కుంటూ ఉంటాడు" అన్నాడు హోషేయ.

పెట్టె మాట ఇప్పుడు వస్తుందని ఓర్లీన్ ఎదురుచూసింది. వెర్డెల్ కేకు తిని, పళ్ళెంలో పొడి కూడా వేలితో అద్దుకుని తిన్నాక లేచింది. కారెక్కాక, కిటికీలోంచి పైన్ చెట్లకేసి చూస్తూ అంది.

"వచ్చే నెల నీబో చర్చిలో పిలిచారు. అక్కడ నువ్వెత్తు."

ఓర్లీన్ జీవితంలో ఎప్పుడూ పాట ఎత్తలేదు. "నేనా? ఎక్కడని ఎత్తనే?"

"వినిపించు చూద్దాం."

హోషేయ ఇంజను ఆపేశాడు. ఓర్లీన్ పెదవులు మూసి కూనిరాగం తీసింది. తండ్రిది కాని ఒక చోట, భయంభయంగా.

వెర్డెల్ కళ్ళు మూసుకుని విన్నది.

"ఇంకాస్త కింద" అంది.