మొసలి టీచరు వీపు

మా పెద్దమ్మ వీపు మీద పద్దెనిమిది గడ్డలున్నాయి. కొన్ని బఠాణీ గింజంత, కొన్ని రేగుపండంత. నొక్కితే గట్టిగా తగులుతాయి, నొప్పి మాత్రం పెట్టవు. ఆవిడ పని ఈత నేర్పడం. కాబట్టి ఊళ్లో సగం మందికి ఆ వీపు తెలుసు.

ఆవిడ పద్ధతే వేరు. నీళ్లంటే భయపడే పిల్లలకు గాలి ట్యూబులు ఇవ్వదు. తన భుజాలు గట్టిగా పట్టుకోమని, వీపు మీద వేసుకుని పూల్ అంతా ఒక చుట్టు తిప్పి తెస్తుంది. సగం భయం అక్కడే చచ్చిపోతుంది. పిల్లలు పెట్టిన పేరు మొసలి టీచరు. ఆ పేరంటే పెద్దమ్మకు ఎంత మురిపెమో!

ఆ గడ్డలు అమ్మమ్మ నుంచి పెద్దమ్మకు, మా అమ్మకు, అమ్మ నుంచి నాకు వచ్చాయి. చర్మాన్ని పట్టి ఉంచే పీచు పదార్థం అక్కడక్కడ ఎక్కువగా పోగుపడుతుందట. క్యాన్సర్ కాదు, అంటుకోదు అని చర్మం డాక్టరు ఒక గడ్డను కోసి పరీక్ష చేయించి మరీ చెప్పాడు. అయినా అమ్మా నేనూ మండుటెండలో కూడా మెడదాకా గుండీలు పెట్టుకునేవాళ్లం. ఈత టీచరు ఇంట్లో పుట్టి, ముప్పై ఏళ్లొచ్చినా నాకు ఈత రాదు. ఎందుకో వేరే చెప్పాలా?

కిందటి నెల కొత్తగా చేరిన పిల్లాడి తల్లి మేనేజరు గదిలో రభస చేసింది. తన బిడ్డ ఆ గడ్డల మీద గడ్డం ఆనించాడట. మేనేజరు పెద్దమ్మను పిలిపించాడు.

"ఒళ్లంతా కప్పే స్విమ్‌సూట్ వేసుకోండి మేడమ్. గొడవ వదిలిపోతుంది."

"ఇరవై రెండేళ్లుగా లేని గొడవ ఇప్పుడెందుకండీ? దాచుకుంటే నిజంగానే ఏదో రోగం ఉందనుకుంటారు. వేసుకోను."

"మా వాడికి అంటుకుంటే?" అంది ఆ తల్లి.

"ఇవి రావాలంటే మా ఇంట్లో పుట్టాలమ్మా. మీవాడు ఆ చాన్సు పోగొట్టుకున్నాడు."

డాక్టరు కాగితం చూపించినా ఎవరూ చదవలేదు. వారం తిరిగేసరికి పదకొండు మందిలో ఏడుగురు మానేశారు. కనీసం ఆరుగురు లేకపోతే క్లాసు ఎత్తేయడం అక్కడి రూలు. సోమవారం పొద్దున హాజరు చూస్తానన్నాడు మేనేజరు. తక్కువైతే పెద్దమ్మను టికెట్ల కిటికీ దగ్గర కూర్చోబెడతాడట. నీళ్లలో బతికిన మనిషిని!

ఆ సంగతి చెబుతూ పెద్దమ్మ మా వంటింట్లో ఏడ్చింది. ఆవిడ ఏడవగా నేనెప్పుడూ చూడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది, ఆ తల్లి మీద కంటే మా మీద ఎక్కువగా. ఇన్నేళ్లూ ఆవిడ ఒక్కదాన్నే ముందుకు తోసి మేం గుండీల వెనక దాక్కున్నాం.

"అమ్మా, సోమవారం నువ్వు నాతో పూల్‌కి వస్తున్నావ్."

"ఈ వయసులో ఈతేంటే? నలుగురూ నవ్విపోతారు."

"నవ్వనీ."

సోమవారం పొద్దున్నే పెద్దమ్మ క్లాసుకే ఫీజు కట్టి, వీపు కనిపించే స్విమ్‌సూట్లు వేసుకుని ఇద్దరం గట్టు మీదికొచ్చాం. అందరూ చూశారు. చూడనీ! పెద్దమ్మ మెట్ల దగ్గరికొచ్చి అమ్మకు వీపు అందించింది. అరవై ఏళ్ల చెల్లెలు అక్క భుజాలు పట్టుకుని, కెవ్వుకెవ్వుమంటూ పూల్ అంతా తిరిగొచ్చింది. మిగిలిన నలుగురు పిల్లలూ చప్పట్లు కొట్టారు.

మేనేజరు హాజరు పుస్తకంతో వచ్చి గట్టున నిలబడ్డాడు. పెద్దమ్మ ముఖం మీది నీళ్లు తుడుచుకుంది.

"ఆరుగురున్నారు సార్. కావాలంటే వీపులు లెక్కపెట్టుకోండి."