నొప్పి లేని కాలు

గుడ్ ఫ్రైడే ముందటి గురువారం మా చర్చిలో పాస్టరుగారు పన్నెండుమంది మగవాళ్ళ కాళ్ళు కడుగుతారు. ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగాడు కదా, అందుకు గుర్తుగా. తగ్గి ఉండడం నేర్పడానికి పెట్టిన ఆచారం ఇది. మావాళ్ళేం చేస్తారంటే, పేర్లు చదివిన ఆదివారం నుంచే కాళ్ళకు సేవలు మొదలుపెడతారు. గోళ్ళు తీసుకుని, మడమలు రాయితో రుద్దుకుని తయారవుతారు. పోయినేడు ఒకాయన పౌడరు కూడా పూసుకొచ్చాడు. ఇక పాస్టరుగారు కడగడానికి అక్కడేం మిగులుతుంది? ఏటా వాళ్ళను చూసి నవ్వుకునేవాణ్ణి. ఈసారి నా పేరు చదివారు, నవ్వు రాలేదు.

నా కుడికాలి బొటనవేలి కింద పుండు ఉంది. అబిడ్స్‌లో ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో పని నాది, రోజంతా నిలబడే ఉండాలి. కొత్త బూటు కరిచింది. షుగరున్న ఒళ్ళాయె, మానలేదు. ఇంట్లో చెబితే డాక్టరంటారు, డాక్టరు వేలు తీసేద్దామంటాడు. భయం, ఇంకేం కాదు. చర్చిలో ప్రార్థన చేసి ఇచ్చిన నూనె పొద్దున్నే తలుపేసుకుని రాసుకుని, గుడ్డ చుట్టి, పైన సాక్సు తొడిగేసేవాణ్ణి.

అంత పుండుకీ నొప్పి లేదు. నొక్కినా లేదు! అంతకుముందు అరికాళ్ళు ఒకటే మంటలుగా ఉండేవి, అవి కూడా చల్లబడ్డాయి. దేవుడు ముందు నొప్పి తీశాడు, పుండు కూడా మెల్లగా తీస్తాడు అనుకున్నాను. ఈస్టరు ఆరాధనలో లేచి సాక్ష్యం చెబుదామని మాటలు కూడా కూర్చుకున్నాను.

మా ఆవిడ నాంపల్లిలో పుట్టి పెరిగిన మనిషి. ఆమె కళ్ళు కప్పడం అంత తేలికేం కాదు.

"గీ ఎండలల్ల ఇంట్ల సాక్సులేంది? దిమాగ్ ఖరాబైందా నీకు?"

"మడమలు పగిలాయి. మందు రాసుకున్నా."

"ఏది, జర చూపియ్యి."

"నీకు ప్రతిదానికీ అనుమానమే!" అని అరిచి బయటపడ్డాను. ఆ రోజే కాళ్ళు కడిగే గురువారం.

దుకాణంలో మనసు నిలిస్తే ఒట్టు. ఒకాయన నల్ల ఫ్రేము అడిగితే గోధుమరంగుది చేతిలో పెట్టాను. మధ్యాహ్నమే సెలవడిగి రోడ్డున పడ్డాను. జ్వరమని ఫోను చేస్తే? ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజున అబద్ధమా, ఛీ! మొజంజాహీ మార్కెట్ దాకా పోయి, అక్కడ పనేం లేదు గనక వెనక్కి తిరిగాను. పోనీ ఎడమకాలొక్కటే ముందుకు పెడితే? పన్నెండుమంది వరుసలో ఉంటారు, ఒకటి చాలని పాస్టరుగారు వదిలేయడా? నాంపల్లి స్టేషను దాకా నడిచి మళ్ళీ అబిడ్స్ వైపు మళ్ళాను. నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది. దేవుడు బాగుచేస్తున్నాడని నమ్మేవాడికి ఇంత గుబులెందుకు? సాక్ష్యం చెప్పబోయేవాడు ఆ సాక్ష్యాన్ని తీసుకెళ్ళి బూటులో దాచుకుంటాడా? ఎండలో అటూ ఇటూ తిరిగి తిరిగి, సాయంత్రానికి చర్చి మెట్లెక్కాను.

పన్నెండు కుర్చీలు వరుసగా వేశారు. అవతల ఆడవాళ్ళ వైపు ముందు బెంచీలో మా ఆవిడ. మా పాస్టరుగారు కుర్రవాడు, ఈ ఏడే వచ్చాడు. నడుముకు తువ్వాలు కట్టుకుని ఒక్కొక్కరి ముందూ మోకాళ్ళూనుతూ నా దగ్గరికొచ్చాడు. ఎడమకాలు చాపాను. కడిగి, తుడిచాడు.

"ఆ కాలు గూడ ఇయ్యండి అంకుల్."

"ఒకటి చాలు పాస్టరుగారూ."

నన్ను నేను తగ్గించుకుంటున్నాననుకున్నాడు పాపం. నవ్వి, తనే సాక్సు లాగేశాడు. దాంతోపాటు గుడ్డా ఊడొచ్చింది. వాసన నాకు కూడా తెలిసింది. పక్క కుర్చీలో ఉన్నాయన తల అటు తిప్పుకున్నాడు. పాస్టరుగారు మాత్రం ముఖం పక్కకు తిప్పలేదు. నీళ్ళు పోయకుండా నా పాదం వెలుగు వైపు ఎత్తి చూశాడు.

"నొప్పి బాగ ఉన్నదా?"

"అసలు లేదండీ. దేవుడు తీసేశాడు," అన్నాను. కాస్త గర్వంగానే అన్నాను.

ఆయన తలెత్తాడు. కళ్ళలో నీళ్ళు. "మా నాయన గూడ గిట్లనే అన్నడు అంకుల్. షుగరుకు నరాలు చచ్చిపోతయి. గందుకే నొప్పి తెలుస్తలేదు. మా నాయన కాలు మోకాలి దాంక తీసిన్రు."

ఇన్నాళ్ళూ నేను స్వస్థత అనుకున్నది ఇదా? దీనికా రోజూ కృతజ్ఞతలు చెప్పుకున్నాను?

పాస్టరుగారు తన నడుముకున్న తువ్వాలు విప్పి నా పాదానికి చుట్టి, మా ఆవిడను పిలిచాడు. చర్చంతా చూస్తుండగా ఆమె వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. నేల మీద కూర్చుని, తువ్వాలు తొలగించి చూసి, "నా దగ్గర గూడ దాస్తవా?" అంది. అంతే. నాకు ఏడుపొచ్చింది, అందరి ముందూ ఏడ్చాను.

అక్కణ్ణుంచి ఆటోలో నేరుగా దవాఖానకే పోయాం. డాక్టరమ్మ పుండంతా చూసి, ముందు నరాలు ఎక్కడిదాకా పనిచేస్తున్నాయో చూస్తానంది. కళ్ళు మూసుకోమంది. సూదితో తాకిస్తుందట, తెలిస్తే చెప్పాలట.

"ఇక్కడ?"

"లేదమ్మా."

"ఇక్కడ తెలుస్తోందా?"

"లేదు."

మా ఆవిడ చెయ్యి నా భుజాన్ని గట్టిగా పట్టుకుంది. వేళ్ళు అయిపోయి ఉంటాయి, అరికాలు కూడా అయిపోయిందేమో. ప్రార్థనలు బాగా చేస్తానని చర్చిలో నాకు పేరు. ఇలాంటి ప్రార్థన మాత్రం ఎన్నడూ చేసి ఎరగను. ప్రభువా, నొప్పి ఇయ్యి. నీకు దండం పెడతాను, కాస్తయినా నొప్పి ఇయ్యి.

"ఇక్కడ?"

తల అడ్డంగా ఊపాను. డాక్టరమ్మ ఇంకాస్త పైకి, చీలమండ దగ్గర గుచ్చింది.

"అబ్బా!" అని కేక పెట్టాను.

"స్తోత్రం!" అంది మా ఆవిడ.