హౌజులో చిప్పలు

మా అత్తవారిది నాందేడ్‌లో తాంబూల సామాన్ల దుకాణం. తమలపాకులు, వక్కలు, కాచు అందరూ అమ్మేవే. మాకు పేరు తెచ్చింది సున్నం. రాతి సున్నం నాలుకను కాలుస్తుంది. మాది గోదావరి ఆల్చిప్పలను కాల్చి చేసిన సున్నం, వెన్నలా ఉండేది. ఆ గొప్ప నిజానికి మాది కాదు. నది ఒడ్డున బట్టీ పెట్టుకుని బతికే ఒక ముసలామెది. అందరం ఆమెను సున్నపు అవ్వ అనేవాళ్లం. సొమ్మొకరిది సోకొకరిది అన్నట్టు పేరు మాత్రం మా దుకాణం కొట్టేసింది.

నేను దెగ్లూర్ నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో అవ్వ తన పని గురించి ఒక మాట చెప్పింది. బతికున్న చిప్పను బట్టీలో వేయకూడదు. నీళ్లు తగ్గాక ఇసుకలో పడి ఉన్న ఖాళీ చిప్పలే ఏరాలి. నోరు మూసుకున్నది చేతికి తగిలితే తీసిన చోటే మళ్లీ ఇసుకలో నిలబెట్టి రావాలి. వాళ్లమ్మ అలాగే చేసిందట, వాళ్లమ్మమ్మా అలాగే చేసిందట. చూసేవాళ్లు లేని చోట, ఒంటరిగా, ఎండలో అంత నియమం పాటించడం నాకు వింతగా తోచింది. నేనైతే పాటించేదాన్ని కాదు. నిజమే చెబుతున్నాను.

డెబ్బైల మొదట్లో వానలు ఎగ్గొట్టాయి. ఆ ఎండాకాలం గోదావరి తెగిపోయి మడుగులు మడుగులుగా మిగిలింది. ఒకరోజు అవ్వ ఖాళీ గంపతో దుకాణానికి వచ్చింది.

“నది నిండ చిప్పలే కనవడుతున్నయంట. నువ్వు ఖాళీ గంప పట్టుకొని అచ్చినవేంది?” అన్నాడు మా మామ.

“అవి ఇంక సావలే సేటూ. మా దిక్కు మడుగు ఎండుతున్నది. పది రోజులైతే అన్ని సస్తయ్.”

“సస్తే సావనీ. ఈ దుష్కాళ్‌ల, ఇంత కరువుల, మనుషులకే దిక్కు లేదు, చిప్పలకు ఏడవాల్నా?”

“విత్తనం పోతే మల్ల చిప్పలు ఏడికెళ్లి అస్తయ్? రేపు నువ్వేం అమ్ముతవ్?”

అవ్వ అడిగింది ఇదీ. కోసెడు దూరంలో, అంటే రెండు మైళ్ల అవతల, ఎండని పెద్ద మడుగు ఒకటి ఉంది. సగం చిప్పలను ఎలాగో అక్కడికి మోస్తుంది. అన్నీ మోయడం ముసలి ప్రాణానికి కాదు. మిగతా సగానికి, వానలు పడేదాకా, మా పెరట్లోని హౌజు, అదే నీళ్ల తొట్టి, కావాలి. మా చేదబావిలో ఊట ఇంకా ఉంది. కరువులో హౌజు ఇవ్వడం చిన్న మాట కాదు. మామ కాసేపు గొణిగి, “సరే, తెచ్చుకో పో” అన్నాడు. ఆయన నోరే చెడ్డది, మనసు కాదు.

హౌజు సిద్ధం చేసే పని నేనే మీదేసుకున్నాను. పాచి గీకాను, ఇసుక పరిచాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. మాది సున్నం ఇల్లు. పెళ్లయినా, పండగైనా, చుట్టాలు వస్తున్నా ముందు గోడకు సున్నం పడాలి. అవ్వ చుట్టాలకు తక్కువ చేస్తానా? హౌజు లోపలి గోడలకు దుకాణంలోని మేలురకం సున్నం రెండు పూతలు వేశాను. సాయంత్రానికి నీళ్లు నింపాను. మర్నాడు అవ్వ గంపలు దించి, గోడల వైపు చూడకుండానే పెద్ద మడుగు పనికి పరుగెత్తింది.

చిప్పలన్నీ గట్టిగా నోళ్లు మూసుకుని కూర్చున్నాయి. హాయిగా పడుకున్నాయనుకుని మురిసిపోయాను. పక్కింటావిడను పిలిచి చూపించాను కూడా.

మూడో రోజు పొద్దున అవ్వ వచ్చేసరికి చాలా చిప్పలు చచ్చి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. నీళ్లు వాసన వేస్తున్నాయి. అవ్వ గోడను వేలితో రాసి, ఆ తెల్లటి వేలిని చూసుకుంది.

“సున్నమేసినవా బిడ్డా?”

“మంచిగుండాలని ఏసిన అవ్వా.”

“సున్నమంటే కాలిన చిప్పనే గదనే. వాటి బూడిద వాటికే తాపినవ్.”

తిట్టినా బాగుండేది. నేను గోడకు ఆనుకుని చతికిలబడి ఏడ్చాను. అవ్వ హౌజులోకి దిగి ఒక్కొక్క చిప్పనూ ముట్టి చూసింది. ముడుచుకున్నవి దోసెడే దొరికాయి. వాటిని తడి గోనెలో చుట్టి నా వైపు తిరిగింది.

“ఏడుపు మల్ల ఏడుద్దువు. మా మడుగుల ఇంకిన్ని ఉన్నయ్. గంప పట్టు.”

దుకాణదారు కోడలు నెత్తిన గంపతో నదికి పోతోందని బజారంతా నోళ్లు వెళ్లబెట్టింది. వెళ్లబెట్టనీ అనుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నదాన్ని, నాకిక సిగ్గెందుకు?

రోజూ ఎండ ముదరకముందే ఆ కోసెడు దూరం మోశాం. అవ్వ చిప్పలను ఎప్పుడూ కుప్పగా పోయనివ్వలేదు. ఒక్కొక్కటీ ఇసుకలో గుచ్చి నిలబెట్టాలి. చిప్పలు పగలగొట్టుకు తినే కొంగలు వస్తే పాత చీర పేలికలు కట్టిన కర్రతో తరిమేది. నడుము వంగిపోయిన ఆ మనిషి నాకన్నా రెండు గంపలు ఎక్కువ మోసేది. అంతటి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఇప్పుడు నది ఆ నది కాదు. కట్టల వెనక నీళ్లు ఆగి, అడుగున ఇసుక మీద బురద పేరుకుంది. చిప్ప సున్నం అడిగేవాళ్లూ లేరు. కానీ కరువు తీరాక వచ్చిన చలికాలం నాకు కళ్ల ముందే ఉంది. నది నిండుగా పారి, తగ్గింది. అవ్వ నన్ను ఆ పెద్ద మడుగు ఉన్నచోటే మోకాలి లోతు నీళ్లలోకి తీసుకుపోయి, నా చెయ్యి పట్టి ఇసుకలోకి దింపింది.

ముందు ఇసుకే తగిలింది. ఇంకొంచెం తవ్వితే గోరంత చిప్ప ఒకటి వేలికి తగిలి, టక్కున నోరు మూసుకుంది. పక్కన మరొకటి. దాని పక్కన ఇంకొకటి.

“ఇవి మనం తెచ్చినవి గావు బిడ్డా. ఈడనే పుట్టినయ్.”

“నేను సంపినవాటికి ఇవి సాలవు గదవ్వా” అన్నాను.

“సాలవు” అంది అవ్వ. “అయినా పుట్టినయ్.”