గాయానికి పూసిన పసుపు

ఎనభైల్లో నేను ఒంగోల్లో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాణ్ణి. మా నాన్నగారు వినుకొండ దగ్గర పౌరోహిత్యం చేసేవారు. మంత్రాలు వదిలేసి కప్పలు కోసే ఉద్యోగంలో చేరానని నాతో మాటలు తగ్గించారు. ఇక్కడ గది అద్దెకిచ్చినావిడేమో కప్పలు కోసిన చేతులని నన్ను మంచినీళ్ళ బిందె తాకనిచ్చేది కాదు. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. ఆదివారం పలకరించే దిక్కులేక బస్సెక్కి సముద్రం ఒడ్డుకు పోయేవాణ్ణి.

అక్కడ నాకున్న ఒకే ఒక్క నేస్తం ఒక ముసలి జాలరి. వయసులో ఉండగా ఓడ మీద ఖలాసీగా తిరిగొచ్చినవాడు. నేను పక్కన కూర్చుంటే వల బాగుచేసుకుంటూ ఏదో ఒకటి చెప్పేవాడు. ఆ మాటల కోసమే వారమంతా కాచుకునేవాణ్ణి.

ఒక ఆదివారం వెళ్ళేసరికి పల్లెంతా ఒడ్డునే ఉంది. పెద్ద తిమింగలం ఒకటి ఇసుకలో ఇరుక్కుని ఉంది. ఇంకా ఊపిరి తీస్తోంది. వీపు మీద వరసగా మూడు గాట్లు, ఒక్కొక్కటి మూర లోతు.

“ఇది ఓడ పంకా దెబ్బ పంతులుగారూ. ఊపిరి కోసం పైకొచ్చుంటది. అంత జోరు మీదుంటే ఓడోడికి కనపడుద్దా?” అన్నాడు ముసలాయన.

ఈలోగా ఆడవాళ్ళు పళ్ళేల్లో పసుపూ కుంకుమా తెచ్చారు. తిమింగలం వాళ్ళకు గంగమ్మ బిడ్డ. “ముందు మీ చెయ్యి పడాలండి” అన్నారు నాతో. ఎద్దు మెడ మీద కాడి పుండు పడితే పసుపు అద్దే నేలలో పుట్టినవాణ్ణి. ఆలోచించకుండా గుప్పెడు తీసి గాటులో అద్దాను. లోపల వెచ్చగా ఉంది. ఏళ్ళ తరబడి పలకని మంత్రం దానంతటదే నోట్లోకి వచ్చింది. నా తరవాత పల్లె పల్లెంతా పూసింది. మధ్యాహ్నానికి అది చచ్చిపోయింది. ఊళ్ళోంచి స్టూడియో అతను వచ్చి ఫోటో తీశాడు గాని, అందులో తిమింగలం కన్నా దాని ముందు నిలబడ్డ జనమే ఎక్కువ.

మర్నాడు తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. ముక్కుకు జేబురుమాలు అడ్డంపెట్టుకుని పది గజాల దూరంలోనే ఆగిపోయాడు.

“గాట్లున్నాయండీ, ఓడ కొట్టింది. కడిగి చూపిస్తాను” అన్నాను.

“ఏవండీ గాట్లు? నాకు బొట్లే కనిపిస్తున్నాయి” అని రాసుకోవడం మొదలుపెట్టాడు. నేను బిందెతో నీళ్ళు తెచ్చేసరికి జీపు వెళ్ళిపోయింది.

అదే వారం ముసలాయన ఇంకో మాట చెప్పాడు. దాని పిల్ల తల్లి కోసం అక్కడక్కడే తిరుగుతోందట. నాకు తిండి సయించలేదు. దాన్నయినా కాపాడాలని ఓడలు బారులు తీరే రేవుకు ఉత్తరం రాశాను. సంతరోజు బజార్లో బండివాడు దిగి ఎడ్లను నడిపించుకుపోతాడు కదా, అలాగే ఈ దారిలో ఓడల్ని నిదానంగా నడిపించండి, ముందు ఒక మనిషిని నిలబెట్టి నీళ్ళు చూడమనండి అని రాశాను. కాలేజీలో నవ్వారు. “పత్తికి పురుగు పట్టి రైతు ఏడుస్తుంటే నీకు తిమింగలం కావాల్సొచ్చిందిటయ్యా?” అన్నాడొక మేష్టారు. ఆయన మాట తప్పని ఎలా అనను? అయినా కోపమొచ్చింది. మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన గమనించనే లేదు.

రేవు నుంచి జవాబొచ్చింది. తనిఖీలో గాయాలేవీ కనిపించలేదు కనుక ఓడల వేగం తగ్గించనవసరం లేదట. ఆ గాయాల్ని కప్పెట్టినవాణ్ణి నేనే. సాక్ష్యం మీద నా చేత్తోనే పసుపు పూశాను. చదువుకున్నవాడికంటే చాకలివాడు మేలన్న సామెత ఊరికే పుట్టలేదు.

మిరపకోతల రోజుల్లో ముసలాయన బస్సులో నా గదికొచ్చాడు. గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“చిన్నది కూడా ఒడ్డుకొచ్చేసిందండీ. ప్రాణం లేదు. మీరు చెప్పినట్టే ఈసారి ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలా. మీరు రండి.”

అధికారికి కబురుపెట్టి వెళ్ళాను. పసుపు పళ్ళేలు చేతుల్లో పట్టుకుని ఆడవాళ్ళంతా ఎండలో ఎడంగా నిలబడి ఉన్నారు. నా మాట కోసం వాళ్ళ ఆచారాన్ని ఆపుకున్నారు. పిల్ల వీపు మీద అవే గాట్లు, స్పష్టంగా. పొద్దువాలేదాకా చూశాం. చూడవలసినవాడు రాలేదు.

“ఇంక పుయ్యమంటారా పంతులుగారూ?” అన్నాడు ముసలాయన.

నేనే ముందు తీసుకున్నాను. ఈసారి గాటులో చల్లగా ఉంది. మంత్రం రాలేదు, ఏడుపొచ్చింది.

తిరుగు బస్సులో పక్కసీటు ముసలమ్మ నా చేతులకేసి చూసి, “ఎవరింట్లో పెళ్ళి బాబూ?” అని అడిగింది.

“పెళ్ళి కాదమ్మా, చావు” అన్నాను.

“అయ్యో, నీకేమవుతారు?” అంది.

ఒంగోలు వచ్చేదాకా ఆవిడ నా జవాబు కోసం చూస్తూనే ఉంది.