వెండిరంగు గుండు

జుల్మా కొట్లో సబ్బుబిళ్ళ కొనాలన్నా ముందు ఫిరంగి గుళ్ళ సంగతి కాసేపు వినాల్సిందే. ముందు గదిలో కిరాణా కొట్టు, వెనక గదిలో గుళ్ళు, మధ్యలో పూసల తెర. ఆ తెర పక్కకు లాగితే మూడు గోడల పొడుగునా చెక్క బల్లలు, వాటి మీద చిన్నదాని నుంచి పెద్దదాని దాకా, బడిపిల్లల్ని ఫొటోకి నిలబెట్టినట్టు వరసగా గుళ్ళు కనిపించేవి. ఇంగ్లీషువాళ్ళవి, జర్మన్లవి, ఫ్రెంచివాళ్ళవి. మొదటి ప్రపంచ యుద్ధంలో మా చేల మీదుగా ఒకరి మీద ఒకరు విసురుకున్నవన్నీ ఆవిడ గదిలో భుజాలు రాసుకుంటూ నిలబడేవి. ప్రతి శనివారం మధ్యాహ్నం కొట్టు మూసి, నూనె గుడ్డతో ఒక్కొక్కదాన్నీ తుడిచేది. మొగుడూ పిల్లలూ లేరు కాబట్టి ఆ సేవంతా ఇనుముకే చేస్తోందని ఊళ్ళోవాళ్ళు వెనకాల అనుకునేవాళ్ళు. ముందర అనే ధైర్యం ఎవరికీ లేదు, ఆవిడ కోపం ముక్కు మీదే ఉంటుంది.

ఆ యుద్ధం ఏళ్ళ తరబడి సాగిన మా ఈపర్ పట్నం చుట్టుపక్కల నేల సంగతి తెలిసిందే. చక్కెర దుంపల కోసం నాగలి వేస్తే దుంపలతో పాటు గుళ్ళూ పైకొస్తాయి. యుద్ధం అయిపోయి అరవై ఏళ్ళు దాటినా వస్తూనే ఉన్నాయి. రైతు తిట్టుకుంటూ నాగలి ఆపి, గుండును రెండు చేతుల్లో ఎత్తుకుని వెళ్ళి రోడ్డు పక్కన కరెంటు స్తంభం మొదట్లో పెడతాడు. సైన్యం బండి వచ్చి తీసుకుపోతుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు, మాట్లాడడానికి వానలున్నాయి.

సైన్యం వాళ్ళు కొన్ని గుళ్ళలో పేలుడు మందు తీసి ఖాళీ చేసి, ఇక ఇది చచ్చిందని తెలిసేలా పక్కన రంధ్రం వేసి వదిలేవాళ్ళు. జుల్మా పోగుచేసేది అవే. ఎవరు ఏ గుండు తెచ్చినా గడప బయటే ఆపేది. వంగి, చిటికెన వేలు ఆ రంధ్రంలో పెట్టి చుట్టూ తిప్పి చూసేది. వేలు లోపలికి వెళ్తే గుండు లోపలికి వస్తుంది, లేకపోతే తెచ్చినవాడు తిట్లు తిని తిరిగి వెళ్తాడు.

"జుల్మా నాడి చూస్తోందిరోయ్" అని ఎగతాళి చేసేవాళ్ళు కుర్రాళ్ళు.

"నీ నాడి ఆగాక నీదీ చూస్తాలే" అనేది తల ఎత్తకుండానే.

దానికి కారణం అందరికీ తెలుసు. ఆవిడ చిన్నప్పుడు ఊళ్ళో పనుల్లేవు. మగవాళ్ళు గుళ్ళ నడుముకుండే రాగి పట్టీలు ఊడగొట్టి అమ్ముకుని రొట్టె తెచ్చేవాళ్ళు. వాళ్ళ నాన్నదీ అదే పని. ఒకరోజు వాళ్ళమ్మ వాకిట్లో బంగాళాదుంపల తొక్క తీస్తూ "అది వదిలెయ్, నాకు భయమేస్తోంది" అంటే, ఆయన పెరట్లోంచే నవ్వి "ఇది చచ్చి చాలా కాలమైంది, నేను చూశాగా" అన్నాడు. తర్వాత చప్పుడు వచ్చింది. కిటికీ అద్దాలు రాలాయి. వాళ్ళమ్మ దుంప చేతిలో పట్టుకునే ఆయన పేరు పెట్టి పిలిచింది. మళ్ళీ పిలిచింది. అటునుంచి పలకలేదు. జుల్మాకి అప్పుడు ఆరేళ్ళు. చచ్చిన గుండంటే నిజంగా ఎలా ఉంటుందో కళ్ళారా చూడాలని అప్పుడే పంతం పట్టిందట. పట్టిన పంతం వదలకపోవడం ఆవిడ పుట్టుగుణం.

ఇంట్లో అన్ని గుళ్ళు పెట్టుకోవడం సైన్యం వాళ్ళకు నచ్చేది కాదు. బండితో వచ్చే సార్జెంటు మంచివాడు, కొట్లో కాఫీ తాగి వెళ్ళేవాడు, కానీ ప్రతిసారీ ఒకే మాట చెప్పేవాడు.

"అమ్మగారూ, మీ మీద నమ్మకంతో ఊరుకుంటున్నాం. రంధ్రం లేనిది ఒక్కటి కనిపించిందా, గదంతా ఊడ్చుకుపోతాం. అప్పుడు నన్నేమీ అనకూడదు."

"నా గదిలో అలాంటిది కనిపిస్తే నేనే పిలుస్తాను నాయనా. నువ్వు కాఫీ చల్లారబెట్టకు" అనేది జుల్మా. ఆ గది పోతే తనకు మిగిలేది ఉప్పూ సబ్బులే అని ఆవిడకు తెలుసు, సార్జెంటుకూ తెలుసు.

ఇక కమీల్ గురించి చెప్పాలి. ఊరి చివర దుంపల రైతు, జుల్మాతో పాటు బడిలో చదివినవాడు. వయసులో ఉన్నప్పుడు ఓ ఊరి పండగనాడు బీరు తాగిన ధైర్యంతో పెళ్ళి చేసుకుందామని అడిగాడు. జుల్మా పూసల తెర పక్కకు లాగి చూపించి, "ఎక్కడ పెట్టుకోను నిన్ను? చోటేదీ?" అంది. అందరూ నవ్వారు. కమీల్ కూడా నవ్వాడు. అక్కడితో ఆ మాట పోయింది. అతను మాత్రం వేరే పెళ్ళి చేసుకోలేదు, ఉప్పు కొనడానికి రావడమూ మానలేదు. ఒక్క మనిషికి అంత ఉప్పెందుకని ఊళ్ళో ఎవరూ అడగలేదు, అదో మర్యాద.

కమీల్ వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా ఒక గుండు అడ్డం ఉండేది. మోకాలెత్తు ఉంటుంది. ఊరి పండగ ముందు గేట్లకూ బాల్చీలకూ వెండిరంగు పూసేటప్పుడు ఏటా దానికీ ఒక పూత పడేది. మా దగ్గర కదలనివన్నీ పండక్కి వెండిరంగు పూయించుకోవాల్సిందే. అతని తల్లి బతికున్నప్పుడు దాని ముక్కు మీద అక్రోటు కాయ పెట్టి సుత్తితో కొట్టేది. తల్లి పోయాక కమీల్ కొట్టుకునేవాడు. అది ఇంగ్లీషువాళ్ళ గుండు, సరిగ్గా జుల్మా వరసలో లేనిది. కిటికీ పక్కన దాని కోసమే ఖాళీ ఉంచింది. ఇమ్మని ఎన్నిసార్లు అడిగినా కమీల్ "తలుపుకు ఏం పెట్టుకోను?" అనేవాడు. ఒకసారి చోటు లేదనిపించుకున్నవాడు అంత తేలిగ్గా ఇస్తాడా?

ఆ ఏడు అతని మేనల్లుడు వచ్చి వంటింటి నేల సరిచేసి, కొత్త తలుపు పెట్టాడు. ఆ తలుపు ఎక్కడ వదిలితే అక్కడే నిలబడింది. పండగనాడు ఉదయం, చర్చిలో పూజ అయ్యి జనమంతా వీధిలో ఉండగా, కమీల్ ఒంటిచక్రం బండిలో ఆ గుండు పెట్టుకుని రాళ్ళ రోడ్డు మీద గడగడలాడించుకుంటూ వచ్చాడు. కొత్త పూత ఇంకా మెరుస్తోంది. చెమటలు కక్కుతూ దాన్ని ఎత్తి, తిన్నగా లోపలికి తీసుకెళ్ళి కిటికీ పక్క ఖాళీలో పెట్టాడు.

"దీనికి ఉద్యోగం పోయింది. నువ్వే పోషించుకో" అన్నాడు.

జనం చప్పట్లు కొట్టారు. ఎవరో బీరు తెచ్చారు. ఆ సంబరంలో ఆవిడ చెయ్యనిది ఒక్కటే. వేలు పెట్టి చూడలేదు. చిన్నప్పటి నుంచి చూస్తున్న గుండు, దానికి నాడి చూసేదేమిటి?

శనివారం వచ్చింది. నూనె గుడ్డతో వరస మొత్తం తుడుచుకుంటూ వచ్చి కిటికీ దగ్గర ఆగింది. వేలు దానంతటదే రంధ్రం కోసం వెతికింది. దొరకలేదు. రంగు పూడ్చేసి ఉంటుందిలే అనుకుని వేళ్ళతో చుట్టూ తడిమింది. ఎక్కడా గుంట తగల్లేదు. వంగి చూసింది. నడుముకు రాగి పట్టీ అలాగే ఉంది. ముక్కు దగ్గర గుండును పేల్చే ఇత్తడి మర బిగించింది బిగించినట్టే ఉంది. దాని నెత్తి మీద మాత్రం అక్రోట్లు కొట్టిన సొట్ట.

గుడ్డ కింద పడేసి, వెనక్కి వెనక్కి నడిచి, కొట్టు దాటి వీధిలోకి వచ్చి తలుపు వేసింది. ఎవరి చేతో కబురు పంపిందో తెలియదు కానీ కమీల్ ఎగశ్వాసతో వచ్చాడు. ఆవిడ అతన్ని గడప దాటనివ్వలేదు.

"ఆ గుండు ఖాళీ చేసిందని ఎవరు చెప్పారు నీకు?"

"మా నాన్న. ఏం?"

"మీ నాన్నకెవరు చెప్పారు?"

"చేలో దొరికిందన్నాడు. చచ్చిందే అన్నాడు. మా నాన్న అబద్ధం చెప్పే మనిషి కాదు."

"మా నాన్నా కాదు. రంధ్రం లేదు దానికి."

కమీల్ మూసిన తలుపు వైపు ఒకసారి చూసి, "దాని నెత్తిన యాభై ఏళ్ళు సుత్తి దెబ్బలు పడ్డాయి. అప్పుడేమీ అవ్వలేదుగా" అన్నాడు.

"అంటే నీకు బుర్ర లేదని, దానికి ఓపికెక్కువని. అంతే."

జుల్మాకి ఒక దారి తెలుసు. ఊళ్ళో అందరూ చేసేదే, స్తంభం దగ్గర పెట్టేస్తే ఎవరిదని అడిగే నాథుడు ఉండడు. కానీ ఇది వెండిరంగు గుండు. ఎవరి వంటింటిదో పసివాడు కూడా చెప్తాడు, ఇప్పుడెక్కడుందో పండగ జనమంతా చూశారు. కమీల్ ఆలోచన ఇంకోలా నడిచింది.

"ఇదిగో విను. బండి నీ గోడవారే ఉంది. తెచ్చినట్టే తీసుకుపోతాను. ఇచ్చింది తిరిగి పట్టుకుపోయాడని నన్ను నాలుగు తిట్టుకుంటారు, అంతేగా. నా పెరట్లో పెట్టి అక్కడి నుంచే సార్జెంటును పిలుస్తాను. నీ గదికేమీ కాదు."

అబద్ధమెందుకు, జుల్మాకి ఆశ పుట్టింది. పూసల తెర వెనక ఇన్నేళ్ళు తుడిచి నిలబెట్టినవన్నీ ఉన్నాయి. కమీల్ ఇల్లు ఆ మలుపు తిరిగితే వస్తుంది. ఒక్కసారి తెచ్చినవాడు ఇంకోసారి తీసుకుపోలేడా? చెయ్యి తలుపు గడియ దాకా వెళ్ళింది కూడా.

"భయపడకు జుల్మా. అది చచ్చి చాలా కాలమైంది. నేను చూశాగా" అన్నాడు కమీల్.

ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఆ బండి ముట్టుకున్నావంటే కాళ్ళు విరగ్గొడతా" అంది. ఆ గొంతు అంతకుముందు ఎవరూ వినలేదు. "పో. చర్చి దగ్గరికి పో. పక్కింటి ఇర్మాని, ఆవిడ పిల్లల్ని వెంటబెట్టుకుని పో. నేను ఫోను చేసి వస్తాను."

"గది పోతుందే!"

"పోతే పోనీ, నువ్వు నడువు ముందు!"

సార్జెంటు వచ్చాడు. గది బయటి నుంచే ఆ గుండును చూసి, అక్రోట్ల సొట్ట సంగతి విని, టోపీ తీసి తల గోక్కున్నాడు. బండిలో వేసి తమ శిబిరం దాకా తీసుకెళ్ళడానికి అతనికి ధైర్యం చాలలేదు. అక్కడే పేల్చేద్దామని ఊరి చివర దుంపలు తీసేసిన చేలో గుంట తవ్వించాడు. నలుగురు సైనికులు దాన్ని ఇసుక పెట్టెలో పెట్టి, శవాన్ని మోసినట్టు అడుగులో అడుగు వేసుకుంటూ తీసుకెళ్ళారు.

ఊరంతా చర్చి గోడ వెనక నిలబడింది. జుల్మా పక్కన కమీల్, చేతిలో టోపీ నలుపుతూ. చప్పుడు వచ్చింది. కాళ్ళ కింద నేల అదిరింది, చర్చి అద్దాలు గలగలలాడాయి, చేలోంచి మట్టి లేచి మళ్ళీ చేలోనే పడింది.

"కమీల్!" అని అరిచింది జుల్మా.

జనం ఉలిక్కిపడి చూశారు. ఆవిడ చేను వైపే చూస్తోంది. మళ్ళీ అరిచింది. "కమీల్!"

"ఇక్కడే ఉన్నాగా, నీ పక్కనే. ఎందుకలా అరుస్తావ్?" అన్నాడు కమీల్.

ఆవిడ తల తిప్పి అతన్ని చూసింది. ఏడ్చింది. అందరి ముందూ, చేతులు అడ్డం పెట్టుకోకుండా ఏడ్చింది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న పోయిన రోజు కూడా ఏడవలేదని అప్పుడు ఉన్నవాళ్ళు చెప్పేవాళ్ళు.

సార్జెంటు అన్న మాట నిలబెట్టుకున్నాడు. రెండు బండ్లు తెప్పించి గది ఊడ్చుకుపోయాడు. "ప్రతిదానిలో నా వేలు పెట్టి చూశాను నాయనా" అంది జుల్మా. "ఈ ఒక్కదానిలో పెట్టలేదుగా అమ్మగారూ" అన్నాడతను నెమ్మదిగా. తిరిగి ఇస్తారా అంటే తన బూట్ల వైపు చూసుకున్నాడు. ఆవిడ అతన్నేమీ అనలేదు. కాఫీ మాత్రం పొయ్యలేదు.

బండ్లు వెళ్ళిపోయాక కమీల్ గుమ్మంలోకి వచ్చి పూసల తెర పక్కకు లాగి చూశాడు. బల్లల మీద గుండ్రటి నూనె మరకలు తప్ప ఏమీ లేవు. అన్నిటినీ మోసి అలవాటైన ఆ గదిలో పెరటి తలుపు గాలికి టపటపా కొట్టుకుంటోంది. దానికీ ఎప్పుడూ ఏదో ఒక గుండే అడ్డం ఉండేది.

క్షమించమందామని వచ్చాడు, నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"చోటు బాగానే ఉందే" అన్నాడు.

జుల్మా కళ్ళు తుడుచుకుని అతన్ని కిందికీ పైకీ చూసింది.

"నీ బండి ఇంకా నా గోడవారే పడుంది. తీసుకుపోయి నీ కుర్చీ తెచ్చుకో. నా దగ్గర ఒక్కటే ఉంది."

"ఇవాళేనా?"

"చీకటి పడకముందే. ఆ తలుపు దగ్గర వేసుకు కూర్చో. ఊరికే కొట్టుకుంటోంది."