తప్పు నాదే అనే అల్లుడు, కంప్యూటర్లో మాయమైన కుక్క

మా అల్లుడికి ఒక్కటే జబ్బు. లోకంలో ఎక్కడ ఏం చెడిపోయినా "తప్పు నాదే" అంటాడు. పాలు విరిగితే తనే. కరెంటు పోతే తనే. తన పెళ్ళిలో ఫొటోగ్రాఫరు స్టూలు మీంచి జారిపడితే స్టేజీ దిగి వెళ్ళి, "నేను సరిగ్గా నవ్వి ఉంటే మీరు స్టూలు ఎక్కేవారే కాదు" అని క్షమాపణ చెప్పాడు. ఒకసారి సూర్యగ్రహణం పడితే కిటికీలోంచి చూసి, కాస్త ఇబ్బందిగా నా వైపు తిరిగాడు. నోరు తెరవనివ్వలేదు నేను.

నా చదువు వేరు. కాన్వెంటులో సిస్టర్లు చెప్పిన పాఠాలు ఏమయ్యాయో గాని, నా అంతట నేను నేర్చుకున్న విద్య ఒకటి మిగిలింది. "ఎవరు చేశారు?" అన్న ప్రశ్న పూర్తయ్యేలోపు పక్కవాడి వైపు వేలు చూపించడం. మిగతా కీళ్ళన్నీ పట్టేశాయి గాని ఆ వేలు మాత్రం ఇప్పటికీ చురుగ్గానే ఉంది.

అల్లుడూ అమ్మాయీ మా పక్క వాటాలోనే ఉంటారు. అతనిది కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే పని. మా వీధి చివర కుక్కలకీ పిల్లులకీ వైద్యం చేసే డాక్టరమ్మకి ఒక వెబ్ అప్లికేషన్ రాసిచ్చాడు. ఏ జంతువు ఎవరిది, దానికి ఏ మందు పడదు, టీకా ఎప్పుడు, అన్నీ అందులోనే. గడువు దగ్గరపడితే యజమాని ఫోనుకి దానంతటదే మెసేజ్ వెళ్తుంది.

ఒకరోజు మా కుక్క కల్నల్‌ని ఆస్పత్రికి తీసుకెళ్ళాను. కౌంటర్ ఆవిడ కంప్యూటర్లో వెతికి వెతికి, పాలిపోయిన ముఖంతో అంది, "సార్, మీ కుక్క లేదు."

"లేకపోవడమేమిటమ్మా? నా చెప్పు నములుతోంది చూడు."

"కంప్యూటర్లో లేదు సార్. మీరూ లేరు."

ఈ వయసులో వినదగ్గ మాట కాదు అది.

తీరా చూస్తే మాయమైంది మేమిద్దరమే కాదు. ఇంకెందరో యజమానులు, వాళ్ళ కుక్కలూ పిల్లులతో సహా డేటాబేస్‌లోంచి గల్లంతయ్యారు. డాక్టరమ్మ అల్లుణ్ణి పిలిపించింది. నన్ను పిలవలేదు గాని, నేనూ వెళ్ళాను.

"రికార్డులు ఎలా పోతున్నాయి?" అందావిడ.

"తప్పు నాదేనండీ."

"ఏం తప్పు?"

"అది ఇంకా వెతకాలండీ."

డాక్టరమ్మ తల పట్టుకుంది. "నిన్న ఒక కుక్కకి పడని ఇంజెక్షన్ ఇవ్వబోయాను. దాని యజమాని నా చెయ్యి పట్టుకున్నాడు కాబట్టి బతికిపోయింది. కంప్యూటర్ ముందు ఎక్కువగా కూర్చునేది కౌంటర్ ఆవిడ. శనివారంలోగా కారణం తేలకపోతే ఆవిణ్ణి మాన్పించేస్తాను."

కౌంటర్ ఆవిడ అటు తిరిగి మందుల అలమార సర్దుతోంది. సర్దిన డబ్బానే మళ్ళీ మళ్ళీ సర్దుతోంది.

నా వేలు దురద పెట్టింది. ఆస్పత్రిలో అందరిదీ ఒకే పాస్‌వర్డ్. అది కూడా మానిటర్ అంచున కాగితం మీద రాసి అంటించి ఉంది. అంటే అందరూ అనుమానితులే! ముందు కాంపౌండర్‌ని అనుమానించాను, నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నాడని. కంటి ఆపరేషన్ అయిందట. సాకు! తర్వాత ఎదురు వీధి ఆస్పత్రి గూఢచారుల్ని అనుమానించాను. చివరికి పంజరంలో వైద్యానికి వచ్చిన చిలకని కూడా. అది పాస్‌వర్డ్ పైకి చదవడం నా చెవులారా విన్నాను, ఒట్టు.

అల్లుడేమో పాత కాపీ ఒకటి తెరిచి, అప్పుడు ఎవరున్నారు, ఇప్పుడు ఎవరు లేరు అని పోల్చి చూస్తూ, వచ్చిన ప్రతివాడికీ "తప్పు నాదేనండీ" అని చెబుతూ కూర్చున్నాడు.

"అలా అందరి ముందూ నువ్వే ఒప్పేసుకుంటుంటే దొంగ ఎలా దొరుకుతాడయ్యా?" అన్నాను.

"దొంగ ఎవరున్నారు మావయ్యా ఇక్కడ?"

"అదే కదా నేను కనిపెడుతున్నది!"

శనివారం సాయంత్రం అందరినీ నేనే కూర్చోబెట్టాను, అలమార సర్దడం ఆపని కౌంటర్ ఆవిణ్ణి తప్ప. గొంతు సవరించుకుని వేలెత్తాను. అది కాంపౌండర్‌కీ చిలకకీ మధ్య ఊగుతుండగా అల్లుడు లేచాడు.

"డాక్టరుగారూ, నా తప్పేమిటో దొరికింది. జంతువు చనిపోయిందని రాసినా నా ప్రోగ్రాము మెసేజ్‌లు పంపుతూనే ఉంది. ఎవరైనా ఆపాలనుకుంటే ఉన్నది ఒకటే బటన్, యజమాని పేరు పక్కన 'తొలగించు' అని. అది నొక్కితే ఆయన పేరు కింద ఉన్న జంతువులన్నీ కట్టగట్టుకుని పోతాయి. పోతాయని ఒక్క ముక్క హెచ్చరిక కూడా పెట్టలేదు. ఎవరు నొక్కినా తప్పు నాదే."

అలమార దగ్గర డబ్బా చప్పుడు ఆగింది.

"నేనే నొక్కాను సార్," అంది కౌంటర్ ఆవిడ. "పోయిన పిల్లికి టీకా వేయించమని మెసేజ్ వస్తే ఆ మనిషికి ఎలా ఉంటుంది? ఒక పెద్దాయనైతే ఇక్కడికొచ్చి, కౌంటర్ మీద తల ఆనించి ఒకటే ఏడుపు. ఇంకోసారి రాకూడదని తీసేశాను. మిగతావి కూడా పోతాయని తెలీదు. తెలిశాక చెప్పాలంటే భయమేసింది."

"ఎవరా పెద్దాయన?" అంది డాక్టరమ్మ.

కౌంటర్ ఆవిడ ఓరగా నా వైపు చూసింది. దాంతో అందరూ నా వేలు వైపే చూశారు. అది మెల్లగా దిగి చెవి గోక్కోవడం మొదలుపెట్టింది. మా ముసలి పిల్లి మహారాణి పోయి అప్పటికి ఎన్నో రోజులు కాలేదు.

"ఆ రోజు నాకు జలుబు," అన్నాను.

డాక్టరమ్మ కౌంటర్ ఆవిడ వైపు తిరిగింది. "నాతో ఒక్కమాట చెప్పకూడదూ?"

"మాన్పిస్తానన్నారు కదమ్మా."

"అన్నాను కదూ! అయితే తప్పు నాది కూడా. సోమవారం మామూలుగా వచ్చెయ్."

"పాస్‌వర్డ్ అంటించింది నేనండీ, తప్పు నాదే," అన్నాడు కాంపౌండర్. చూస్తుండగానే జబ్బు ఆస్పత్రి అంతా అంటుకుంది. చిలక కూడా ఏదో ఒప్పుకోబోయింది గాని పంజరం మీద గుడ్డ కప్పేశారు.

అల్లుడు పాత కాపీలోంచి అందరినీ వెనక్కి తెచ్చి, ప్రతి జంతువు పేరు పక్కనా మెసేజ్ ఆపే బటన్ పెట్టాడు. నేనూ కల్నలూ మళ్ళీ ఉన్నవాళ్ళమయ్యాం.

దారిలో అడిగాను, "నీకెప్పుడు తెలిసింది?"

"మొదటిరోజే మావయ్యా. మాయమైన యజమానులందరికీ పాత కాపీలో ఒక్కో జంతువు పక్కన 'చనిపోయింది' అని ఉంది. ఆ కబురు ముందుగా వినేది కౌంటర్ ఆవిడే కదా."

"మరి శనివారం దాకా నాన్చడమెందుకు?"

"నేను పేరు చెబితే ఆవిడ దొరికిపోయినట్టుంటుంది. రోజూ నాదే తప్పంటూ కూర్చుంటే ఆవిడే ధైర్యం చేసి చెబుతుందేమోనని." నా వైపు తిరిగి, "మిమ్మల్ని ఏడిపించింది కూడా నా ప్రోగ్రామే కదా. తప్పు నాదే," అన్నాడు.

"జలుబన్నానా!"

నడుస్తుంటే ఒక్కొక్కటే గుర్తొచ్చింది. మా ఇంట్లో పగిలిన కప్పులు, పోయిన తాళాలు, రాత్రికి రాత్రి ఖాళీ అయిన బిస్కెట్ డబ్బా. "నేనే అత్తయ్యా" అని అల్లుడు నెత్తిన వేసుకున్నవన్నీ అసలు ఎవరి పనులో నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఇక నేనూ మారాలనుకున్నాను.

గుమ్మంలో అడుగు పెడుతూనే ఛాతీ విరుచుకుని, "తప్పు నాదే!" అన్నాను.

మా ఆవిడ పేపరులోంచి తల ఎత్తలేదు. "అది తెలిసిందే. ఏ తప్పో చెప్పండి."

చెబుదామనే నోరు తెరిచాను. ఈలోగా వేలు దానంతటదే లేచి కల్నల్ వైపు తిరిగింది. అది మాత్రం ఏమీ అనుకోకుండా తోకాడించింది. అల్లుడి దగ్గర నేర్చుకుంది మరి.